పొద్దుపోక చేసే పని

విదేశాలలో ఉంటున్న పిల్లల దగ్గరికి బయలుదేరే పెద్దలు నన్ను కలిసినప్పుడు దాదాపు అందరూ మూడు ప్రశ్నలే అడుగుతారు. రక్తపోటు, మధుమేహం మాత్రలు ఎన్ని నెలలకు సరిపడా పట్టుకువెళ్ళాలి? విమానంలో అంతసేపు కూర్చుంటే కాళ్ళు వాస్తాయా? అక్కడ జబ్బు చేస్తే ఖర్చు మాటేమిటి? మూడూ అడగవలసినవే. వాటికి సూటి జవాబులున్నాయి, ముందుకు వెళ్ళాక చెబుతాను. నాలుగో ప్రశ్న ఒకటుంది, దానిని ఇంతవరకు ఎవరూ అడగలేదు. పిల్లలు ఉద్యోగాలకూ మనవలు బడికీ వెళ్ళిపోయాక, తెలియని ఊరిలో, తలుపులు మూసిన ఇంట్లో, పగలంతా ఏం చేయాలి?

ఇది వైద్యుడిని అడిగే ప్రశ్న కాదని మీకు అనిపించవచ్చు. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. నా అభిప్రాయం మార్చినవి రెండు: నంబులపూలకుంట మండలంలోని ఒక పల్లెకు చెందిన స్త్రీ చెప్పిన మాట, ఆ తరువాత కొన్నేళ్ళకు నా సొంత శరీరం చెప్పిన మాట.

ఆ మండలం గురించి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. కదిరి నుంచి తూర్పుగా వెళితే నంబులపూలకుంట, అది దాటితే గాలివీడు, ఆపైన రాయచోటి. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. తిమ్మమ్మ మర్రిమాను ఉన్న గూటిబయలు ఈ మండలంలోనిదే. 19,107 చదరపు మీటర్ల మేర, అంటే నాలుగున్నర ఎకరాలకు పైగా కొమ్మలు పరచుకొన్న ఆ చెట్టు పేరు 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. చెట్టు అంత విస్తరించినా చుట్టూ ఉన్న నేల మాత్రం కరవు నేల. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాదికి దక్కే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వాన తక్కువ, ఎండకు కొదవ లేదు. ఆ ఎండనే నమ్ముకొని అక్కడ సౌర విద్యుత్తు పార్కు వెలసింది, 2016లో ఎన్టీపీసీ 250 మెగావాట్ల ఉత్పత్తిని ప్రారంభించింది. అంతకు చాలా ముందు నుంచే అక్కడి మనుషులు మరో ఎండల దేశానికి వలస వెళ్ళడం అలవాటు చేసుకొన్నారు. వేరుశనగ ఎండిపోయిన ఏడు అప్పు తీర్చడానికి, కూతురి పెళ్ళికి, ఇంటికి పైకప్పు వేయడానికి కువైట్ వెళ్ళివచ్చినవారు రాయచోటి, కదిరి ప్రాంతాల పల్లెలలో ఎందరో. అక్కడివారి నోట అది "కోయిట్". "మా యమ్మ కోయిట్‌లో ఉండాది" అనే మాట నేను ఎందరు పిల్లల నోట విన్నానో లెక్కలేదు. మన దేశపు వలస నిబంధనల ప్రకారం ఆ దేశాలకు ఇంటిపని కోసం వెళ్ళే స్త్రీకి 30 ఏళ్ళు నిండి ఉండాలి. అంటే వెళ్ళేవారిలో చాలామంది అప్పటికే తల్లులన్నమాట.

ఆమె పేరు రాయను, ఊరి పేరూ రాయను. 2011లో సెలవు మీద వచ్చినప్పుడు నా దగ్గరికి వచ్చింది. ఒక పెద్ద కుటుంబం ఉన్న ఇంట్లో పని. ఒళ్ళంతా నొప్పులు. మెట్లెక్కేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు తొడల్లో బలం చాలడం లేదు. నిద్ర లేదు. అన్నం సయించదు. ఆకలి, నిద్ర, విరేచనం, నెలసరి అన్నీ పాఠంలో నేర్చుకొన్న వరుసలో అడిగాను. కాయకష్టం చేసే మనిషికి ఒళ్ళునొప్పులు కాక మరేముంటాయని నొప్పి మాత్రలు, బి-కాంప్లెక్సు, పది రోజులకు నిద్రమాత్ర రాసి పంపాను. బయట ఇంకా ముప్ఫై మంది కూర్చుని ఉన్నారు. ఇది సాకు కాదు, అలా జరిగిందని చెబుతున్నాను.

రెండేళ్ళ తరువాత మళ్ళీ వచ్చింది. నొప్పులు పోలేదు, ఇంకా పెరిగాయి. అయితే మనిషి ముఖం మారింది. మొదటిసారి నా బల్ల అంచు వైపే చూస్తూ మాట్లాడిన మనిషి ఈసారి నా కళ్ళలోకి చూసి మాట్లాడింది. నిద్ర పడుతోందని చెప్పింది. నిద్రమాత్ర ఇంకా వేసుకుంటున్నావా అమ్మా అని అడిగాను. లేదన్నది. మరి ఏం చేశావంటే కాస్త సిగ్గుపడి, "బొంత కుట్టుకున్న్యా సార్" అంది.

బొంత అంటే ఈ తరం పాఠకులకు తెలుసో లేదో. పాత చీరలను, పంచెలను పొరలు పొరలుగా పరిచి, పైన గుడ్డ ముక్కలను అమర్చి, సూదిని ముందుకు తోస్తూ సాదా కుట్టుతో మొత్తం కలిపి కుట్టేది. చలికాలం కప్పుకోవడానికి, బాలింతల కింద పరచడానికి మన పల్లెలలో అదే వాడేవారు. అమ్మ దగ్గర, అవ్వ దగ్గర చూసి నేర్చుకోవడమే తప్ప దానికి బడి లేదు. ఆ ఇంట్లో పిల్లలకు పొట్టి అయిపోయిన బట్టలను పారవేస్తుంటే ఆమె అడిగి తీసుకొన్నది. సూది మొదట ఇవ్వలేదట. పిల్లలున్న ఇల్లు కదా, ఎక్కడ పడేస్తుందోనని భయం. కొన్నాళ్ళకు ఇచ్చారు. అందరూ పడుకొన్నాక, వంటగది పక్కనున్న తన చిన్న గదిలో, రాత్రి ఒక గంట. ఎన్ని వరసలు కుట్టిందో దాన్ని బట్టి ఇంటికి వెళ్ళే రోజు ఎంత దూరంలో ఉందో లెక్క వేసుకొనేది.

"పగలంతా పని చేసి రాత్రి మళ్ళీ పనేనా అమ్మా?" అన్నాను నేను.

"ఏం జేసేది సార్, పొద్దు పోవల్ల గదా" అంది ముందు. తరువాత కాసేపు ఆగి, "ఆ గంట మాత్రం నాది సార్. దాంట్లో ఎవురూ నన్ను పిల్చరు" అంది.

ఆ మాటను నేను అప్పుడు పూర్తిగా అర్థం చేసుకోలేదు. కాని ఆ మాటతోనే ఆమె రోజు ఎలా గడుస్తుందో అడిగాను, అడగవలసిన రోజుకు రెండేళ్ళు ఆలస్యంగా. తెల్లవారక ముందే లేవడం, వంటగది, పిల్లలు, బట్టలు, వంటగది. బయటికి వెళ్ళడమంటే చెత్త వేయడానికి వాకిలి దాకా, లేదంటే వాళ్ళతో కలిసి కారులో. వెళ్ళినప్పుడు తల నుంచి పాదం దాకా కప్పుకోవాలి. అంటే ఆ స్త్రీ ఒంటి మీద నాలుగేళ్ళుగా ఎండ పడలేదు. రక్తపరీక్షకు పంపాను. విటమిన్ డి మిల్లీలీటరుకు పది నానోగ్రాములకు లోపే ఉంది. ఇరవైకి తగ్గితే లోపం అంటాం.

నా పొరపాటు ఎక్కడున్నదో మీకు వివరించాలి, ఎందుకంటే ఇదే పొరపాటు ఇప్పటికీ జరుగుతోంది. కువైట్ ఎండ మామూలు ఎండ కాదు. 2016 జూలై 21న ఆ దేశంలోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైతే ప్రపంచ వాతావరణ సంస్థ పరీక్షించి ధ్రువీకరించింది. అలాంటి దేశంలో ఉండి వచ్చిన మనిషికి, అందులోనూ నంబులపూలకుంటలో పుట్టిన మనిషికి, ఎండ వల్ల తయారయ్యే విటమిను లోపిస్తుందని నాకు తోచలేదు. కాని చర్మం మీద నేరుగా పడే అతినీలలోహిత కిరణాలలో ఒక భాగమే ఆ పని చేస్తుంది. కిటికీ అద్దం దాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. బట్ట ఆపుతుంది. ఎండ భరించలేనంతగా ఉన్నచోట మనుషులు ఇంటి లోపలే ఉండిపోతారు గనుక గల్ఫ్ దేశాలలో విటమిన్ డి లోపం చాలా ఎక్కువ, అక్కడ పుట్టినవారిలో కూడా. ఎముక మెత్తబడి తొడ కండరాలు బలహీనపడితే మెట్లెక్కడం, కింద నుంచి లేవడం కష్టమవుతాయి. ఆమె మొదటి రోజే చెప్పింది అదే. ఒళ్ళునొప్పులన్న మాట ఒక్కటే నా చెవిన పడింది.

విటమిను, కాల్షియం ఇచ్చాక మూడు నెలలలో నొప్పులు తగ్గాయి. కాబట్టి బొంత కుడితే ఎముకల నొప్పి పోతుందని నేను రాయడం లేదని గమనించండి. బొంత ఆమె ఎముకలను బాగుచేయలేదు. అలాగే నేనిచ్చిన విటమిను ఆమె నిద్రను తెచ్చి ఇవ్వలేదు. నిద్ర అంతకు ముందే వచ్చింది. ఆమెకు రెండు బాధలుండేవి. ఒకదానికి నా దగ్గర మందు ఉండి కూడా రెండేళ్ళు ఇవ్వలేదు. రెండవదానికి ఆమె తన మందు తానే చూసుకొన్నది.

ఆ రెండవ బాధకు పేరు పెట్టినవాడు వైద్యుడే. 1688లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే యువ వైద్య విద్యార్థి, ఊరు విడిచి పరాయి దేశాలలో ఉన్నవారిని పీడించే బెంగను ఒక జబ్బుగా వర్ణిస్తూ సిద్ధాంత వ్యాసం రాశాడు. ఇంటికి మళ్ళడం, నొప్పి అనే రెండు గ్రీకు మాటలను కలిపి నోస్టాల్జియా అనే మాటను పుట్టించాడు. నిద్ర లేకపోవడం, ఆకలి మందగించడం, బలహీనత అతడు రాసిన లక్షణాలలోనివే. తరువాతి కాలంలో ఆ మాట కవులకూ సినిమా వాళ్ళకూ వెళ్ళిపోయి, వైద్యులం దాన్ని మరచిపోయాం. మన "ఊరి బెంగ" అన్న మాటలో మాత్రం జబ్బు అన్న స్ఫురణ ఇంకా మిగిలే ఉంది. బెంగతో జ్వరం వచ్చిందని మన అమ్మలు అనేవారు.

ఇక నా సంగతి. 2018 చివరలో వృత్తి నుంచి విరమించి, అమెరికాలో డాలస్ శివారులో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి ఆరు నెలలకు వెళ్ళాను. నా భార్యకు మనవడితో, వంటతో పొద్దు తెలియలేదు. నాకు మొదటి మూడు వారాలు బాగానే గడిచాయి. చూడవలసినవన్నీ శని ఆదివారాలలో చూపించారు. నాలుగో వారం నుంచి తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. కాలమాన భేదం అనుకొన్నాను, కాని ఆ తేడాకు శరీరం సాధారణంగా వారం, పది రోజులలో అలవాటు పడుతుందని నాకు తెలుసు. రక్తపోటు 130 చుట్టూ ఉండేది 150 దాటసాగింది. ఉప్పు పెరిగిందని అమ్మాయి మీద విసుక్కొన్నాను. పాపం, ఆ పిల్ల ఉప్పు ఇంకా తగ్గించింది. అసలు సంగతి ఏమిటంటే, ముప్ఫై అయిదేళ్ళుగా ఉదయం తొమ్మిదింటికి నా కోసం ఎవరో ఒకరు బయట కూర్చుని ఉండేవారు. ఇప్పుడు ఎవరూ లేరు. కారు నడపలేను. వీధిలో నడిచే మనిషి కనిపించడు. పగలంతా ఫోనులో తెలుగు వార్తలు చూసి, మన రాష్ట్రంలో ఎవరు ఎవరిని ఏం తిట్టారో తెలుసుకొని, రాత్రికి తలనొప్పి తెచ్చుకొనేవాడిని.

మనోవ్యాకులత ఉందేమోనని అనుమానం వచ్చినప్పుడు వైద్యులు మొదట అడిగే ప్రశ్నలు రెండే. గత రెండు వారాలుగా ఏ పని మీదా ఆసక్తి గాని, ఆనందం గాని లేకుండా ఉందా? గత రెండు వారాలుగా మనసు కుంగి, ఆశ లేనట్టు ఉందా? ఎందరినో అడిగాను. ఒక రాత్రి మూడింటికి నన్ను నేను అడుగుకొంటే మొదటి ప్రశ్నకు నిజాయతీ గల జవాబు "అవును, దాదాపు ప్రతిరోజూ". ఆ ప్రశ్నలో ఆసక్తి అన్న మాట దుఃఖం కంటే ముందే ఉందని అన్నేళ్ళ వృత్తిలో మొదటిసారి గమనించాను. అప్పుడే ఆ బొంత మాట గుర్తుకు వచ్చింది.

నాకు కుట్టు రాదు. మనిషి శరీరానికి కుట్లు వేయడం వచ్చు, అది వేరు. చిన్నప్పుడు బొమ్మలు వేసేవాడిని, ఎంబీబీఎస్‌లో శరీర నిర్మాణ శాస్త్రం బొమ్మలతో అది ఆగిపోయింది. మనవడి రంగుల పెట్టె తీసుకొని తిమ్మమ్మ మర్రిమానును గుర్తు తెచ్చుకొని వేయబోయాను. ఎన్నో సార్లు చూసిన చెట్టు, తీరా వేయబోతే మొదలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఊడలు దిగి, ఆ ఊడలే మానులై, వాటి నుంచి మళ్ళీ కొమ్మలు. నాలుగు కాగితాలు పాడుచేశాక వాడు వచ్చి చూసి, "తాతయ్యా, ఇందులో అసలు చెట్టు ఏది?" అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. మరునాడు మళ్ళీ వేశాను. ఆ చిత్రం ఈనాటికీ బాగా రాలేదు, అయినా మరునాడు చేయడానికి ఒక పని మిగిలి ఉండడం ఎంత పెద్ద సంగతో అప్పుడు తెలిసింది.

ఆకులు సరిగా రావడం లేదని చెట్లను చూడడానికి బయట నడవడం మొదలుపెట్టాను. రోజుకు నలభై నిమిషాల నడక అలా వచ్చింది, డాక్టరుగా నాకు నేను చెప్పుకొన్నా వినని నడక. కాగితం పట్టుకొని కూర్చొన్నవాడిని చూసి ఇరుగుపొరుగు ఆగి పలకరించారు. అర్వింగ్‌లో 2014లో నెలకొల్పిన గాంధీ విగ్రహం ఉన్న తోటలో నాలాగే పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దలు కలిశారు. అక్కడి ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం వారు "నెల నెలా తెలుగు వెన్నెల" పేరుతో నడిపే సాహిత్య సభకు వారు నన్ను తీసుకుపోయారు. పద్యం పాడేవారు పాడతారు, వినేవారు వింటారు. నెలకు ఒక సాయంత్రమే, కాని దాని కోసం ఎదురుచూడడం మిగిలిన రోజులకు ఒక రూపం ఇస్తుంది. రెండు నెలలకు రక్తపోటు దిగింది. బొమ్మ వల్లనా, నడక వల్లనా, మాటల వల్లనా, ఉప్పు వల్లనా అంటే చెప్పలేను. మా అమ్మాయి ఉప్పు వల్లనే అంటుంది.

ఇది నా ఒక్కడి అనుభవం గనుక శాస్త్రం ఏమంటుందో కూడా చెప్పాలి. కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో ఒక నివేదిక వెలువరించింది, అందులో 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించారు. 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో 16 దేశాలకు చెందిన, 65 ఏళ్ళు పైబడిన 93,263 మంది వివరాలతో ఒక పరిశోధన వచ్చింది. ఏదో ఒక వ్యాపకం ఉన్నవారిలో కుంగుబాటు లక్షణాలు తక్కువగా, సంతోషం, తమ ఆరోగ్యం మీద నమ్మకం ఎక్కువగా కనిపించాయి. ఆరోగ్యంగా ఉన్నవారికే వ్యాపకాలు పెట్టుకొనే ఓపిక ఉంటుంది కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఇలాంటి పరిశీలనలు ఆ సందేహాన్ని పూర్తిగా తీర్చలేవు. అయినా ఇన్ని దేశాలలో ఒకే దిశగా ఫలితాలు వచ్చినప్పుడు, దుష్ఫలితాలు దాదాపు లేని ఇంత చవక వైద్యాన్ని కాదనడానికి నాకు కారణం కనిపించదు.

మన వైపు దీన్ని "పొద్దుపోక చేసే పని" అని తేలిక చేసి మాట్లాడతాం. మన ప్రాంతం చేతిపనికి కొత్తది కాదు. ధర్మవరంలో మగ్గం ఉంది. ధర్మవరం పక్కనే నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి, వారిలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అయితే అవి జీవనాధారాలు. గిరాకీ, గడువు, బేరం అన్నీ వాటి వెంట ఉంటాయి. నేను చెప్పేది ఎవరూ కొనని, ఎవరూ తొందరపెట్టని పని గురించి. అల్లిక, కుట్టు, ముగ్గు, పాట, కుండీలో మెంతికూర, తెలుగులో నాలుగు పంక్తుల దినచర్య, ఏదైనా కావచ్చు. చేయి కదలాలి, ఈరోజు ఆపినచోటి నుంచి రేపు అందుకోవడానికి వీలుండాలి, ఒక్కరైనా చూసి ఒక మాట అనాలి. ఫోను చూడడం ఈ లెక్కలోకి రాదని నా అభిప్రాయం. చాలామందికి ఇది నచ్చదని తెలుసు. మధుమేహం ఉండి వేలి కొసలు తిమ్మిరిగా ఉండేవారు సూది పని చేసేటప్పుడు వేలికి తొడుగు పెట్టుకోవాలి, గుచ్చుకొన్నది తెలియకపోవచ్చు. దగ్గరి చూపు అద్దాలు, మంచి వెలుతురు, అరగంటకొకసారి మెడ పైకెత్తడం మరవకండి.

ఇప్పుడు ఆమె మాటకు మళ్ళీ వస్తాను. "ఆ గంట నాది" అని ఆమె అనగలిగింది, ఎందుకంటే ఆమెకు ఆ గంట దొరికింది. దొరకని వారున్నారు. రాత్రి పన్నెండుకు పడుకోబెట్టి తెల్లవారుజామున నాలుగుకు లేపే ఇళ్ళ గురించి నాకు చెప్పినవారు ఒకరిద్దరు కాదు. అలాంటి మనిషికి వ్యాపకం పెట్టుకోమని సలహా ఇస్తే అది ఆకలితో ఉన్నవాడికి నెయ్యి గుణాలు చెప్పడమే. కువైట్ 2015లో ఇంటిపనివారి కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించరాదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. బయట ఎండలో పనిచేసేవారికి జూన్ నుంచి ఆగస్టు చివరి దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు పని నిషేధం. ఇవి తెలియకుండా విమానం ఎక్కేవారు మన పల్లెలలో ఇంకా ఉన్నారు. మీ ఇంటి నుంచి, మీ వీధి నుంచి ఎవరైనా వెళ్తుంటే ఈ సంగతులు చెప్పి పంపండి. సెలవు మీద వచ్చినప్పుడు ఎంత పంపావు, ఏం తెచ్చావు అన్న ప్రశ్నల మధ్య, వారంలో ఒక రోజైనా నీది అంటూ ఉందా అని కూడా అడగండి. కువైట్ నగరంలో మాలియా ప్రాంతంలో శుక్రవారం నాడు మనవాళ్ళు గుమిగూడి తెలుగు మాట్లాడుకొనే ఆ రెండు మూడు గంటలు ఎంత మేలు చేస్తాయో, వెళ్ళివచ్చిన మగవారు చెబితే విన్నాను. ఇళ్ళలో పనిచేసే ఆడవారిలో ఆ శుక్రవారం దక్కేవారు తక్కువ.

వైద్యుడిగా ఒక హద్దు గీయాలి. పైన చెప్పిన రెండు ప్రశ్నలలో దేనికైనా రెండు వారాలుగా చాలా రోజులు "అవును" అనిపిస్తే, అల్లిక సూదులు కొనుక్కోవడంతో ఆగక వైద్యుడిని కలవండి. చనిపోవాలన్న తలపు వస్తే ఆ రోజే, ఆ గంటే ఎవరితోనైనా మాట్లాడండి. మన దేశంలో టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. అమెరికాలో ఉన్నవారికి 988.

మొదట మాట ఇచ్చిన ఆ మూడు ప్రశ్నలు. మందులు ఉండబోయే రోజుల కంటే రెండు వారాలకు ఎక్కువగా, చేతి సంచిలో, మందు అసలు పేరుతో రాసిన చీటీతో పట్టుకువెళ్ళండి. నాలుగు గంటలకు మించిన ప్రయాణంలో కాళ్ళలో రక్తం గడ్డకట్టే అవకాశం కొద్దిగా పెరుగుతుంది గనుక గంటకొకసారి లేచి నడవండి, కూర్చొన్నప్పుడు మడమలు ఎత్తి దించండి, నీళ్ళు తాగండి. ఒక్క కాలే వాచి నొప్పి పెడితే ఆలస్యం చేయవద్దు. బీమా తీసుకొనేటప్పుడు పాత జబ్బులు వర్తిస్తాయా అని రాతపూర్వకంగా అడగండి. కూలి పనికి గల్ఫ్ వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది, రెండేళ్ళకు 275 రూపాయల ప్రీమియంతో, ప్రమాదంలో మరణించినా శాశ్వత వైకల్యం కలిగినా పది లక్షల వరకు ఇస్తారు. కుట్టు సామాను తీసుకువెళ్తుంటే కత్తెర పెద్ద పెట్టెలో పెట్టండి.

ఆమె 2020లో, కరోనా రోజుల్లో, పూర్తిగా తిరిగి వచ్చింది. పోయిన శివరాత్రికి మర్రిమాను తిరునాళ్ళకు వెళ్ళినప్పుడు దారిలో వాళ్ళ ఊరిలో ఆగాను. కొత్త ఇల్లు, పెంకుల స్థానంలో మిద్దె. పెద్ద కూతురికి ఇద్దరు పిల్లలు, నాలుగు మేకలు, రెండు ఎకరాల చేను. అరుగు మీద సగం కుట్టిన బొంత ఒకటి మడిచి ఉంది, సూది దానికే గుచ్చి ఉంది. ఎన్నాళ్ళ నుంచి కుడుతున్నావమ్మా అంటే, "రెండేండ్లాయె సార్. ఇప్పుడు పొద్దే చాలదు" అని నవ్వింది.

విటమిన్ మాత్ర వేసుకుంటున్నావా అని అడిగాను. లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచిన చీటీ తెచ్చి చూపించింది. నేను రాసినదే, 2020 నాటిది. అందులో మాత్ర ఎనిమిది వారాలకే. ఇంటి గోడకు ఆనుకొని ఎండలో నిలబడి, మళ్ళీ రక్తపరీక్ష చేయించుకొమ్మని కొత్త చీటీ రాసి ఇచ్చాను.